బటన్ ఆంటీ, కదలని పిల్ల

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఆ ఆసుపత్రిలో ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. పిల్లలు బటన్ ఆంటీ అంటారు, నర్సులూ అదే అంటారు, జీతాలిచ్చే గుమాస్తా కూడా "బటన్ ఆంటీ, ఇక్కడో సంతకం" అంటాడు. పిల్లల ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివర, లిఫ్టుకీ స్టోరు రూముకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆవిడది. కిటికీ ఉంది కానీ బూడిదరంగు తెర ఎప్పుడూ దించే ఉంటుంది. గోడ మీద బొమ్మ లేదు, క్యాలెండరు లేదు, గడియారం అసలే లేదు. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ముందు చక్రాల్లేని కుర్చీ, వెనక మూలగా ఆవిడ స్టూలు. బల్ల మీద వైరు చివర ఒకే ఒక్క బటను. అంత బోసిగా ఉన్న గదిని చూసి తల్లులు "ఇంకా సామాను రాలేదాండీ?" అని అడుగుతుంటారు.

"వచ్చిందంతా బయటికి పంపించేశానమ్మా," అంటుంది ఆవిడ.

నిజంగానే పంపించేసింది. ఆ గదిలో జరిగే పరీక్షకి విసుగే ముడిసరుకు. తెర మీద ఓ బొమ్మ మెరిసి మాయమవుతుంది, కాసేపటికి ఇంకోటి మెరుస్తుంది. గీతల గుండ్రం వస్తే బటను నొక్కాలి, చుక్కల గుండ్రం వస్తే నొక్కకూడదు. పావుగంట పైగా అదే తంతు. పిల్లల నుదుటికి ఓ పట్టీ కడతారు, దాని మీద చిన్న తళుకు బిళ్ళ ఉంటుంది, ఆ బిళ్ళ ఎంత అటూ ఇటూ తిరిగిందో ఎదురుగా ఉన్న కెమెరా కనిపెడుతూ ఉంటుంది. నొక్కాల్సినవి ఎన్ని వదిలేశారు, నొక్కకూడనివాటికి ఎన్నిసార్లు ఎగబడ్డారు, ఎంత కదిలారు, అన్నీ చివర్లో గీతలుగా వస్తాయి. పిల్లలకి కుదురు లేదని ఇంట్లోవాళ్ళూ బళ్ళోవాళ్ళూ చెప్పే మాటల పక్కన డాక్టరమ్మ ఆ గీతలు పెట్టుకుని చూస్తుంది. మాటలో కోపం ఉండచ్చు, గారం ఉండచ్చు, గీతకి ఆ రెండూ ఉండవని బటన్ ఆంటీ నమ్మకం.

పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆవిడ నోరు విప్పకూడదు. శెభాష్ అనకూడదు, అయ్యో అనకూడదు, నవ్వనూ కూడదు. పిల్ల వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ మొహంలో ఏమీ కనపడకూడదు. ఇది ఎంత శిక్షో ఆవిడని ఎరిగినవాళ్ళకే తెలుసు. లిఫ్టులో రెండంతస్తులు ఎక్కేలోపు పక్కవాళ్ళ ఇంటిగుట్టు మొత్తం రాబట్టే మనిషి ఆవిడ. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూ మొదలుపెడితే పడుకునేదాకా ఆపదు. బస్సు నడిపి రిటైరైన భర్త పేపరు మడిచి పక్కన పెట్టి, "అక్కడ మింగిన మాటలన్నీ నాకోసం మూటగట్టుకొస్తావే. కానివ్వు, రోజూ హారన్లు విన్న చెవులే కదా ఇవి," అంటాడు. అని, నిజంగానే వింటాడు. అదృష్టవంతురాలు.

ఈ పనిలోకి ఆవిడ తిన్నగా రాలేదు. పెళ్ళైన కొత్తలో గాజుసీసాల ఫ్యాక్టరీలో సీసాలు చూసే పనికి కుదిరింది. బెల్టు మీద సీసాలు వరసగా వస్తుంటాయి, వాటి వెనక తెల్లటి దీపం వెలుగుతుంటుంది. పగులున్నది కనిపిస్తే తీసి పక్కన పెట్టాలి. మంచివి మంచివి మంచివి వచ్చి, వచ్చి, ఎప్పుడో ఒకటి పగిలింది వస్తుంది. ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేది. అయినా ఓ రోజు మూతి దగ్గర్నుంచి అడుగుదాకా పగిలిన సీసా ఆవిడ కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయి ప్యాకింగులో పట్టుబడింది. నిద్రపోతున్నావా అని సూపర్వైజరు అందరి ముందూ కేకలేశాడు. ఆవిడ నిద్రపోలేదు. కబుర్లు కూడా ఆడలేదు, ఆ రోజు గొంతు నొప్పి. కళ్ళు రెండూ బెల్టు మీదే ఉన్నాయి. చూసింది, కానీ కనపడలేదు. ఆ మాట ఎవరికి చెప్పినా సాకు అన్నారు.

తర్వాత సాయంత్రం కాలేజీలో చేరి చదువుకుంటుంటే ఓ మాస్టారు పాఠంలో చెప్పాడు, మనిషి దృష్టి తనకి తెలియకుండానే జారిపోతుందనీ, జారినట్టు ఆ మనిషికే తెలీదనీ. బెంచీ మీద కూర్చున్న ఆవిడకి బొటబొటా కన్నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళకి ఎవరో తన తరఫున సాక్ష్యం చెప్పినట్టనిపించింది. అప్పట్నుంచి ఆ చదువుని వదల్లేదు. ఈ పరీక్ష ఏ ఆసుపత్రిలో పెడుతున్నారో వెతుక్కుని మరీ వచ్చి చేరింది.

అందుకే "బటను నొక్కడానికేం రోగం, ఆ మాత్రం నొక్కలేడా?" అనే పెద్దవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. అలా అన్నవాళ్ళని వాదించకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టడం ఆవిడ పెట్టుకున్న పద్ధతి. నుదుటికి పట్టీ కట్టి, "కానివ్వండి," అంటుంది. ఓ లెక్కల మాస్టారు మధ్యలోనే "ఇంకా ఎంతసేపండీ?" అని రెండుసార్లు అడిగాడు. ఓ పోలీసాయన చుక్కల గుండ్రాలన్నిటినీ ఉత్సాహంగా నొక్కిపారేశాడు. లేచాక అందరూ నవ్వేస్తారు, పిల్లల్ని తిట్టడం కాస్త తగ్గిస్తారు. పెద్దవాళ్ళ గర్వం దించడానికి అంతకంటే చవకైన మందు లేదని డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

ఓ మధ్యాహ్నం ఆ గదికి ఓ కుటుంబం వచ్చింది. తల్లి రైల్వే టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. టికెట్టు చింపినట్టే మాట కూడా టక్కున తెంపి చేతిలో పెడుతుంది. తండ్రి ఇళ్ళకి రంగులేస్తాడు. చొక్కా శుభ్రంగా ఉంది కానీ గోళ్ళ అంచుల్లో ఇంకా పచ్చరంగు ఉండిపోయింది. అతను మాట్లాడలేదు. మూడో తరగతి చదివే కొడుకు వచ్చీ రాగానే లిఫ్టు బటన్లన్నీ నొక్కి, వరండాలో చక్రాల కుర్చీ ఎక్కి, మంచినీళ్ళ క్యాను పంపు తిప్పేసి నర్సుల్ని పరుగులు పెట్టించాడు. పరీక్ష వాడికే. వాళ్ళ వెనకాల ఏడో తరగతి రెండోసారి చదువుతున్న కూతురు, అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది.

"వీడితో నా తల ప్రాణం తోకకొస్తోందండీ," అంది తల్లి. "పెద్దది బంగారం. ఉందా లేదా అన్నట్టుంటుంది. చదువే బుర్రకెక్కదు, మొద్దు. వచ్చే నెల బడి మాన్పించి వాళ్ళ మేనత్త లాండ్రీలో కూర్చోబెడదామనుకుంటున్నాం. తిడితే ఏడుస్తుంది, ఏడ్చాక మళ్ళీ అంతే. ఎందుకండీ పిల్లని హింస పెట్టడం?"

బటన్ ఆంటీ పిల్ల వైపు చూసింది. పిల్ల తన గురించి కాదన్నట్టు ఎదుటి గోడ వైపు చూస్తోంది. పాపం అనుకుని, ఆవిడ పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్ళింది.

వాడి పరీక్ష చూడాల్సిందే. కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడ్డాడు, ఓ కాలు కుర్చీ చేతి మీద వేశాడు, ఏదో పాట కూనిరాగం తీశాడు, వెనక్కి తిరిగి "ఆంటీ, ఈ మిషనుకి నోరుందా?" అని అడిగాడు. ఆంటీకి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చినా మొహం బిగబట్టింది. అన్ని కోతిచేష్టల మధ్యా వాడి వేలు మాత్రం గీతల గుండ్రం కనపడితే ఠక్కున పడుతూనే ఉంది. చివర్లో కదలికల గీత చూస్తే చంటిపిల్లవాడు పెన్సిలుతో గీకినట్టుంది, వదిలేసినవి మాత్రం ఒకటో రెండో. బడివాళ్ళు రాసిందీ ఇంట్లోవాళ్ళు చెప్పిందీ అంతకుముందే డాక్టరమ్మ దగ్గరున్నాయి. పిల్లవాడితో సహా తల్లిదండ్రుల్ని డాక్టరమ్మ తన గదిలోకి పిలిచి తలుపేసుకుంది.

వరండాలో కూతురు మిగిలింది. బటన్ ఆంటీ టీ తెచ్చుకుందామని లేచేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"తమ్ముడు ఆట అన్నాడు. నేనూ ఆడచ్చా ఆంటీ?"

డాక్టరు రాయకుండా ఎవరికీ పరీక్ష పెట్టకూడదు. ఆ సంగతి ఆంటీకి తెలుసు. కానీ ఆ పిల్ల అడగడం ఎలా ఉందంటే, కాదంటే "సరే" అని మళ్ళీ వెళ్ళి సంచులు ఒళ్ళో పెట్టుకునేలా ఉంది. ఆ తొందరగా ఒప్పేసుకునే మొహం చూసి ఆవిడ మనసు ఊరుకోలేదు. సంచులన్నీ స్టూలు పక్కన పెట్టించి, నుదుటికి పట్టీ కట్టి, కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ గదిలో అంత చక్కగా కూర్చున్న పిల్లని ఆవిడ అంతకుముందు చూడలేదు. వీపు నిటారుగా పెట్టింది, వేలు బటను మీద ఉంచింది, చూపు తెర మీద నిలిపింది. కాలు ఊపలేదు, జుట్టు సర్దుకోలేదు. తమ్ముడికి రాని కుదురంతా ఈ పిల్లకే వచ్చిందనుకుని ఆంటీ ముచ్చటపడింది. ఇంత బుద్ధిమంతురాలికి చదువెందుకు రాలేదో అని కాస్త జాలి కూడా పడింది.

పరీక్ష అయ్యాక గీతలు వచ్చాయి. కదలికల గీత దాదాపు నేల మీద పడుకునే ఉంది. మొదటి కాసేపు నొక్కాల్సినవన్నీ నొక్కింది. ఆ తర్వాత వదిలేసింది. ఒకటి, ఆ వెంటనే ఇంకోటి, మళ్ళీ వరసగా. చివరికొచ్చేసరికి నొక్కినవాటికంటే వదిలేసినవే ఎక్కువ. నొక్కినవి కూడా కొన్ని బొమ్మ మాయమయ్యాక ఎప్పుడో నొక్కినవి.

బటను పాడైందనుకుంది ఆంటీ. వైరు పీకి మళ్ళీ పెట్టింది. తనే కుర్చీలో కూర్చుని టకటకా నొక్కి చూసింది. నిక్షేపంలా పనిచేస్తోంది. అప్పుడు ఆవిడకి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. లోకంలో అందరి కళ్ళనీ తప్పుపట్టే మనిషి, కదలకుండా కూర్చుంది కదా అని పిల్లని వదిలేసి మిషన్ని అనుమానించింది. ఫ్యాక్టరీలో సూపర్వైజరులాగే తనూ పైపైనే చూసింది.

"నిద్రొచ్చిందా తల్లీ?" అని అడిగింది మెల్లగా.

"లేదాంటీ. చూస్తూనే ఉన్నా." పిల్ల మొహంలో భయం కనిపించింది. "తప్పులొచ్చాయా? అమ్మకి చెప్తారా? నిజంగా చూస్తూనే ఉన్నానాంటీ."

ఆ మాటకి బటన్ ఆంటీ పిల్ల తల నిమిరి, బిస్కెట్లు చేతిలో పెట్టి, కాగితం పట్టుకుని తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

డాక్టరమ్మ వయసులో ఆవిడ కూతురంత. కుటుంబాన్ని బయట కూర్చోమని కాగితం చూసి మొదట చీవాట్లే పెట్టింది. "ఏంటక్కా ఇది? రాయకుండా పరీక్ష పెట్టేస్తే ఎలా? రేపు అందరూ నేనూ ఆడతానంటారు."

"తిట్టండి డాక్టరమ్మా, తప్పే. కానీ ముందు చూడండి."

చూసింది. చాలాసేపు చూసింది. "దీన్నొక్కదాన్నీ పట్టుకుని పిల్లకి ఏదో ఉందని చెప్పలేం," అంది. "బడిలో ఎలా ఉంటుందో వినాలి, ఇంట్లో చిన్నప్పట్నుంచీ సంగతులు కనుక్కోవాలి, నిద్ర, చెవులు, కళ్ళు, భయాలు, అన్నీ చూడాలి. కానీ చూడకుండా వదిలేసే గీతలైతే కావు ఇవి. ఇలా ఊరికే కూర్చునే ఆడపిల్లల్ని ఎవరూ మన దగ్గరికి తీసుకురారక్కా. ఎవర్నీ ఇబ్బంది పెట్టరుగా." ఆగి, మళ్ళీ అంది. "వాళ్ళు ఒప్పుకుంటే రేపే మొదలుపెడతా. ఒప్పించడం మీ పని."

పని చెప్పినంత తేలిక కాలేదు. కొడుక్కి జబ్బేమీ లేదు, ఒంట్లో ఓపిక ఎక్కువ, దాన్ని దారిలో పెట్టాలి అని అప్పుడే విని, ఆ తల్లి కాస్త ఊపిరి పీల్చుకుంటోంది. కూతురి మాట ఎత్తగానే ఫక్కున నవ్వింది.

"దానికా? కుదురు లేదా? మేడమ్ గారూ, అది కూర్చుంటే లేపేదాకా లేవదు. నోట్లో నాలుక లేని పిల్ల. మీరు కాగితాలు మార్చేసుంటారు."

"మార్చలేదమ్మా. ఒంటికి కుదురుంది. దృష్టికే లేదేమోనని డాక్టరమ్మ అనుమానం. బద్ధకం కాకపోవచ్చు, మొద్దుతనం కాకపోవచ్చు. చూడనివ్వండి. అంతవరకూ బడి మాన్పించకండి, చేతులు పట్టుకుని అడుగుతున్నా."

తల్లి కూతురి వైపు చూసింది. పిల్ల తలదించుకుంది. అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న తండ్రి ఒక్కసారిగా నోరు విప్పాడు. గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువ వినపడింది.

"ఒక్క బటను నొక్కడం కూడా రాలేదా నీకు? ఆ మాత్రం నొక్కలేకపోయావా?"

ఇంకేముంది. బటన్ ఆంటీ వాదించలేదు, గది తలుపు తీసి, "రండి బాబూ, మీరు నొక్కండి," అంది. అలవాటు కొద్దీ అంది. ఇతనూ కాసేపు కూర్చుని, నవ్వేసి, పిల్ల మీద జాలిపడి లేస్తాడని లెక్క వేసుకుంది.

అతను కూర్చున్నాడు. నుదుటికి పట్టీ కట్టించుకున్నాడు. ఇంకా ఎంతసేపని అడగలేదు. విసుక్కోలేదు. కూతురిలాగే నిటారుగా, బటను మీద పచ్చరంగు వేలు పెట్టుకుని, తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. భార్యా పిల్లలూ తలుపు అద్దంలోంచి చూస్తున్నారు. స్టూలు మీద కూర్చున్న బటన్ ఆంటీకి గీతల గుండ్రం వచ్చి వెళ్ళిపోవడం కనిపించింది. వేలు కదల్లేదు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళిపోయింది. ఎప్పుడో ఉలిక్కిపడి నొక్కాడు, అప్పుడు తెర మీద ఉన్నవి చుక్కలు. ఆవిడ ఆపేద్దామా అనుకుంది. ఆపితే అతన్ని అవమానించినట్టవుతుందని ఊరుకుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నోరు మూసుకోవడం అంత కష్టమైన రోజు ఆవిడకి ఇంకోటి లేదు.

అయిపోయాక అతను పట్టీ విప్పుతూ తృప్తిగా అన్నాడు. "చూశారా? కష్టమేం లేదు. ఒక్కటీ వదల్లేదు. చూస్తూనే ఉన్నా."

బటన్ ఆంటీ అతని గీతలు తెర మీదికి తెచ్చింది. తెర అతని వైపు తిప్పి, పక్కనే కూతురి కాగితం పెట్టింది. అద్దంలోంచి చూస్తున్న భార్య కూడా లోపలికి వచ్చింది. రెండూ చూసింది, మొగుడి మొహం చూసింది. ఇన్నేళ్ళుగా కిటికీ చట్రానికి రంగు వేయడం మర్చిపోయి వచ్చాడని, బియ్యానికి పంపిస్తే ఖాళీ సంచితో తిరిగొచ్చాడని, మేస్త్రీలు పనిలోంచి తీసేశారని, ఆ కౌంటరు గొంతుతో ఎన్నెన్ని మాటలు అనేసిందో. ఏ ఒక్కటీ ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

"నేను చూశానండీ," అన్నాడు అతను మళ్ళీ, ఈసారి మెల్లగా. "నిజంగా చూశాను."

"చూశారు బాబూ. నాకు తెలుసు," అంది బటన్ ఆంటీ. "ఇదొక్కటే చూసి మీకేదో ఉందని ఎవరూ చెప్పరు. పెద్దవాళ్ళకి కొలతలు వేరు. కానీ మీరు అబద్ధం చెప్పట్లేదని మాత్రం నేను చెప్పగలను. మీ పిల్ల కూడా చెప్పలేదు."

అతను కుర్చీలోంచి లేవలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని దగ్గరికి పిలిచాడు. పిల్ల బిక్కుబిక్కుమంటూ వచ్చింది, మళ్ళీ కేకలేస్తాడని.

"అవి వస్తూ పోతూ ఉంటే నువ్వేం ఆలోచించావే?"

పిల్ల అందరి మొహాలూ చూసింది. ఆ ప్రశ్న దాన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఎందుకు వినలేదు అని అడిగారు, ఎక్కడున్నావని అరిచారు, అంతే.

"ఆ గుండ్రం ఇల్లైతే తలుపు ఎటు పెడతారా అని," అంది. "ఎటు పెట్టినా వంకరగా తెరుచుకుంటుంది కదా నాన్నా. మరి నువ్వో?"

తండ్రి తల గోక్కున్నాడు. "లోపల ఏ రంగేస్తే బాగుంటుందా అని," అన్నాడు.

పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూసి తల్లి మొహం తిప్పేసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు మాత్రం ఎవరికీ పట్టకుండా బల్ల కిందికి దూరి వైరు ఎక్కడికి పోతుందో వెతుకుతున్నాడు. బటన్ ఆంటీ చూసినా వాణ్ణి లాగలేదు. వైరు పోతే పోయింది.

రేపు ఎన్నింటికి రావాలో డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నాక, అతను వరండాలోకి వెళ్ళి జేబులోంచి ఫోను తీశాడు. లాండ్రీ నడిపే అక్కకి చేశాడు. తల్లి పోయాక తనని పెంచిన అక్క, కొట్టి మరీ చదివించబోయిన అక్క. ఆవిడ అటునుంచి ఏదో గట్టిగానే అడుగుతోంది, మాటలు వినపడలేదు కానీ గొంతు వరండా అంతా వినపడింది. అతను ఎప్పటిలాగే అంతా విన్నాడు.

"లేదక్కా, వచ్చే నెల పిల్ల రాదు," అన్నాడు. "బడికెళ్తుంది. మొద్దేం కాదక్కా అది."

అటునుంచి ఇంకేదో అంది. అతను గోడ వైపు తిరిగి, రంగు అంటిన గోరుతో దాని మీద పెచ్చు గీకుతూ, గొంతు సవరించుకున్నాడు.

"నేను కూడా కాదక్కా," అన్నాడు.